వితానమునకు రెండు పొరలు: ధూల్‌పేట్ మూర్తిశాలల సాక్ష్యము

గోడలు లేని ఇల్లు లోకమున కలదు. కప్పు లేని ఇల్లు లేదు. చెట్టునీడను విడిచి వచ్చిన మానవుడు ఆ నీడను తన వెంట తెచ్చుకొనదలచినపుడు పుట్టినవే గొడుగు, పందిరి, గూడారము, మేలుకట్టు. వీనిని తెలుపు మాటలు సంస్కృతాంధ్రములయందు విస్తారముగా కలవు. వానిని ఒకచోట చేర్చి చూచినపుడు ఒక విశేషము కానవచ్చును. కొన్ని మాటలు ఎండవానలనుండి కాపాడు పనిని చెప్పును. మరికొన్ని ఆ కప్పు క్రింద నున్నవారి గొప్పదనమును చెప్పును. మొదటిదానిని రక్ష యనియు, రెండవదానిని మర్యాద యనియు ఇచ్చట వ్యవహరింతము. ఒకే వస్తువు ఈ రెండు పనులను ఎట్లు చేయుచున్నది, రెండింటిలో ఏది మరుగున పడుచున్నది అను విషయమును పరిశీలించుట ఈ వ్యాసపు ఉద్దేశము. ఇందులకు గ్రంథసాక్ష్యముతోపాటు హైదరాబాదు పాతబస్తీలోని ధూల్‌పేట్ వీధుల సాక్ష్యమును కూడ గ్రహింతము.

1. ధూల్‌పేట్

1578లో కుతుబ్‌షాహీల కాలమున మూసీనదిపై కట్టిన పురానాపూల్ వంతెనకు చేరువగా, మంగళ్‌హాట్, జుమ్మెరాత్ బజారులను ఆనుకొని ధూల్‌పేట్ ఉన్నది. ధూళిశబ్దభవమైన హిందూస్థానీ 'ధూల్' ఈ పేరున వినబడుచున్నది. ఇచ్చటి లోధ్ కులస్థులు తమ పెద్దలు ఔరంగజేబు సైన్యము వెంట ఉత్తరదేశమునుండి వచ్చిరని చెప్పుకొందురు. గోలకొండ ముట్టడి ముగిసినది 1687లో. అనగా వారి కథనము ఒక సైనికశిబిరముతో, డేరాలతో మొదలగుచున్నది. ఈ పేట సంక్రాంతికి గాలిపటములకును, భాద్రపదమున వినాయక మూర్తులకును ప్రసిద్ధి.

జ్యేష్ఠ, ఆషాఢ, శ్రావణ మాసములలో ధూల్‌పేట్ మార్గమున నడచువారికి మొదట కనబడునవి మూర్తులు కావు, వాని కప్పులు. బాటకు ఇరువైపుల వెదురు బొంగులు, సరుగుడు వాసములు నాటి, వానిపై నీలము, పసుపు, నలుపు రంగుల టార్పాలిన్‌లు కట్టి, త్రాళ్లతో బిగించి యుందురు. ఆ కప్పుల చీకటిలో రంగులు వేయని తెల్లని మూర్తులు వరుసలు తీరి యుండును. చవితికి ముందు ఇవి తెలంగాణ జిల్లాలకు, పొరుగు రాష్ట్రములకు తరలిపోవును. చవితినాడు ప్రతి మూర్తియు అలంకరించిన మండపమున, చాందినీ క్రింద కొలువు తీరును. అనగా ఒక్కొక్క మూర్తియు రెండు కప్పులను ఎరుగును. మొదటిది నెలలతరబడి కాపాడినది. రెండవది కొన్ని దినములు గౌరవించునది. మొదటిదానిని ఎవరును తలపరు.

2. కోశములలో కప్పు

అమరకోశమున ఈ పదముల స్థానములే ఒక పాఠము. వితానము, ఉల్లోచము అను మేలుకట్టు పేర్లు మనుష్యవర్గమున వస్త్రముల నడుమ ఉన్నవి. వాని వెంటనే వస్త్రగృహమునకు, అనగా గూడారమునకు, దూష్యము మొదలగు పేర్లు వచ్చును. ఛత్రము, ఆతపత్రము అను గొడుగు పేర్లు అక్కడ లేవు. అవి క్షత్రియవర్గమున సింహాసనము ప్రక్కన నిలిచినవి; రాజు గొడుగు రాజచిహ్నముగా చెప్పబడినది. ఇక మండపము పురవర్గమున కలదు. దానికి అమరసింహుడు ఇచ్చిన పర్యాయపదము జనాశ్రయము. ఆ వర్గముననే ప్రప యనగా పానీయశాల, మన చలివేంద్రము, ఉన్నది. ఆగమ శిల్పగ్రంథములలో ఈ ప్రపాశబ్దము తాత్కాలికమైన పందిరి అను అర్థమున కూడ వాడబడినది. నీరు, నీడ ఒకే మాటలో కలిసిన తీరు గమనింపదగినది.

ఇట్లు కప్పు మూడు వర్గములలో మూడు రూపములు దాల్చినది: బట్టగా, అధికారచిహ్నముగా, జనులకు ఆశ్రయముగా. వ్యుత్పత్తిని చూచినచో మాత్రము అన్నియు పనినే చెప్పుచున్నవి. ఛత్రము 'ఛద' ధాతువునుండి, కప్పుట అను అర్థమున ఏర్పడినది. ఆతపమునుండి త్రాణము చేయునది ఆతపత్రము. విస్తరింపజేయుటను చెప్పు 'తన్' ధాతువునుండి వితానము వచ్చినది. యజ్ఞమునకు కూడ వితానమని పేరు. రాజచిహ్నమైన గొడుగు సైతము తన పేరులో ఎండను మరువలేదు.

తెలుగు పదములు ఇంకను స్పష్టముగా పనిని పట్టి చూపును. పందిరి, చప్పరము, గొడుగు, గూడారము అనువానికి సోదర ద్రావిడభాషలలో జ్ఞాతిపదములు కలవు. మేలుకట్టులో 'మేలు' అనగా పైభాగము. పైన కట్టినది మేలుకట్టు. వినువానికి శుభము అను అర్థము కూడ స్ఫురించుటచే ఆ మాటకు ఒక మర్యాద అప్రయత్నముగా కలిగినది. చందువ, చాందినీ అనువానిలో చంద్రుడు కలడు. తెల్లని వస్త్రము వెన్నెలను తలపించినది కాబోలు. షామియానా, డేరా, ఖనాతు అనునవి పారసీక హిందూస్థానీ మార్గమున దక్కనుకు వచ్చినవి. టార్పాలిన్ ఆంగ్లమునుండి వచ్చినది. నీరు దిగకుండ తారు పూసిన గుడ్డకు అది మొదటి పేరు. ధూల్‌పేట్ హిందూస్థానీలో అదియే 'తిర్పాల్' అయినది. కోస్తా రైతు బరకమనును. నేడు దానిలో తారును లేదు, గుడ్డయును లేదు; ప్లాస్టిక్ నేత మాత్రమే. వస్తువు మారినను పేరు నిలిచినది, పని నిలిచినది.

3. మర్యాద

రక్షకొరకు పుట్టిన వస్తువు మర్యాదగా మారుటకు ఆంధ్రదేశమున చక్కని నిదర్శనములు కలవు. అమరావతీ శిల్పములలో బుద్ధుని మానవరూపమున చూపని ఫలకములు కొన్ని కలవు. అందు శూన్యమైన ఆసనము, పాదముద్రలు, పైన ఛత్రము ఉండును. ఎండ తగులు శరీరము అచ్చట లేదు. అయినను గొడుగు కలదు. కాపాడుట అను పని పూర్తిగా తొలగి గౌరవము మాత్రమే మిగిలిన స్థితి ఇది.

నన్నయభట్టును ఆదరించిన రాజరాజనరేంద్రుని కోరుమిల్లి శాసనమున చాళుక్య వంశచిహ్నముల పట్టిక కలదు. అందు శ్వేతాతపత్రము చేరియున్నది. తిరుమల బ్రహ్మోత్సవములలో గరుడసేవకు ముందు చెన్నపురినుండి గొడుగులు ఊరేగింపుగా వచ్చుట నేటికిని సాగుచున్నది. లేపాక్షి వీరభద్రాలయమున 16వ శతాబ్దినాటి మండపపు లోకప్పు చిత్రములు పొడవైన పట్టీలుగా, అంచులతో, పరచిన అద్దకపు వస్త్రమును తలపించుచుండును. రాతి మండపమునకు గుడ్డ వితానము అవసరము లేదు. అయినను చిత్రకారుడు దానిని రంగులతో కట్టినాడు.

లోకము ఈ మర్యాదను ఊరకే అంగీకరింపలేదు. అల్పునికి ఐశ్వర్యము వచ్చినచో అర్ధరాత్రి గొడుగు పట్టుమన్నాడను సామెత తెలుగువారందరికిని తెలిసినదే. ఎండయు వానయు లేని వేళ పట్టిన గొడుగును జనులు నవ్వులాటగా చూచిరి. మర్యాదకు మూలము రక్షయే యను వివేకము ఆ సామెతలో ఇమిడియున్నది.

ఈ రెండును ఒకే కప్పులో రెండు పొరలుగా ఉండుటను ఒక యాత్రికుడు వర్ణించినాడు. 1660వ దశకమున ఔరంగజేబు శిబిరముతో కాశ్మీరమునకు పయనించిన ఫ్రెంచి వైద్యుడు ఫ్రాంస్వా బెర్నియే, పాదుషా గూడారమునకు వెలుపల దృఢమైన ఎర్రని గుడ్డయు, లోపల మచిలీపట్టణమున ప్రత్యేకముగా చేయించిన పూల అద్దకపు వస్త్రమును ఉండెనని వ్రాసినాడు. వెలుపలి గుడ్డ ఎండవానలను భరించును. లోపలి వస్త్రము కన్నులకు ఇంపు కూర్చును. తెలుగు అద్దకపువారి చేతిపని లోపొర అయినది. చరిత్ర ఆ లోపొరనే పేరుపెట్టి పొగడినది. పైపొరను నేసిన ఊరి పేరు అందు లేదు. ధూల్‌పేట్ టార్పాలిన్ ఆ పేరులేని పైపొర వంటిది.

4. రక్ష

రక్ష అనినను అది ఒకే విధమైనది కాదు. మన పూర్వులు ఋతువునుబట్టి కప్పును మార్చిరి. చలువపందిరి వేసవి నిర్మాణము. వెదురు తడికలపై తాటాకులు గాని కొబ్బరాకులు గాని పరచినచో ఎండ ఆగును. ఆకుల సందులనుండి వేడిగాలి పైకి పోవును. నీరు చల్లినచో అది ఆవిరియగుచు చల్లదనము నిచ్చును. భద్రాచలమున శ్రీరామనవమి కల్యాణమునకు చలువపందిళ్లు వేయుట అందులకే. కాని గట్టివాన వచ్చినచో పలుచని పందిరి నిలువదు. గాలి ఆడుటకు విడిచిన సందులనుండియే నీరు కారును. వానకాలమున పొలములో తెలంగాణ రైతు గొంగడిని కొప్పెరగా ధరించును. ఉన్ని కొంతవరకు నీటిని జార్చును. ఎండకు పందిరి, వానకు గొంగడి: ఒకటి గాలిని కోరును, మరియొకటి దానిని అడ్డును.

ధూల్‌పేట్ శిల్పకారుల చిక్కు ఇచ్చటనే ఉన్నది. వినాయకచవితి భాద్రపద శుద్ధమున వచ్చును. హైదరాబాదునకు ఏటా కురియు సుమారు 800 మిల్లీమీటర్ల వానలో అధికభాగము జూన్ మొదలు సెప్టెంబరు వరకు నైఋతి ఋతుపవనముల వలన కలుగును. కనుక మూర్తులు ఆరవలసిన నెలలును, వాన కురియు నెలలును ఒక్కటే. వారికి వానను ఆపు కప్పు కావలెను; గాలిని ఆపని కప్పు కావలెను.

మట్టిమూర్తి విషయము చూడుడు. కాల్చని మట్టి తడిసినచో మెత్తబడి జారును. ఎండలో పెట్టినచో వెలుపలి పొర త్వరగా ఆరి ముడుచుకొనును. లోపలి పొర ఇంకను తడిగా ఉండును. ఆ వ్యత్యాసము వలన బీటలు వారును. అందుచేత దానికి వానయు శత్రువే, ఎండయు శత్రువే. నీడలో, మెల్లని గాలిలో అది ఆరవలెను. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ వేరు. జిప్సమును సుమారు 150 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేసి, అందలి నీటిలో మూడువంతుల భాగమును పోగొట్టగా ఈ పొడి వచ్చును. నీరు కలుపగానే తిరిగి గట్టిపడును. కొబ్బరిపీచు కలిపి అచ్చులలో పోసినచో తేలికైన బోలుమూర్తి త్వరగా సిద్ధమగును. ఇంత సులువు వలననే అది వాడుకలోనికి వచ్చినది. అయినను గట్టిపడిన జిప్సము లీటరు నీటిలో 2 గ్రాములకు పైగా కరుగును. తడిసినపుడు దాని బలము తగ్గును. తడి ఆరని ఒంటిపై రంగు పట్టదు. పట్టినను పొరలుగా లేచును.

టార్పాలిన్ ఈ రెండింటికిని వానను ఆపును. కాని అది బిగుతుగా లేనిచో నడుమ గుంటపడి నీరు నిలుచును. ఒక చదరపు మీటరు గుంటలో పది సెంటీమీటర్ల లోతున నీరు నిలిచినచో అది నూరు లీటర్లు, అనగా నూరు కిలోల బరువు. వెదురుబొంగు ఆ బరువును ఎంతసేపు మోయును? అందుచే నడిమి బొంగు ఎత్తుగా నిలిపి, ఇరువైపుల వాలు ఉంచి, ప్రక్కలను తెరచి విడుతురు. వాలు నీటిని జార్చును. తెరచిన ప్రక్కలు గాలిని రప్పించును. ఈదురుగాలితో వాన వచ్చినపుడు ఆ ప్రక్కలే అపాయము. అపుడు పరదాలు దించుదురు, వాన వెలిసినంతనే ఎత్తుదురు. మూర్తి తయారగు కాలమంతయు సాగు ఈ దించుట, ఎత్తుట ఒక విద్యయే. శిల్పవిద్యలో దీనిని ఎవరును లెక్కింపలేదు. కాని అప్పుచేసి సరుకు తెచ్చి, చవితి అమ్మకముపై సంవత్సరమంతయు బ్రతుకు కుటుంబమునకు ఒక్క రాత్రి కప్పు కూలుట సంవత్సరపు పంట మునుగుటయే.

5. రాట

రక్షయు మర్యాదయు విడిపోక ముందటి స్థితి ఒకటి మన ఆచారమున నిలిచియున్నది. అదియే రాట. పెండ్లిపందిరికి మొదటి గుంజను ముహూర్తము చూచి, పసుపు కుంకుమలు పెట్టి నాటుదురు. సింహాచలమున చైత్రశుద్ధ ఏకాదశినాటి కల్యాణమునకు ఉగాదినాడే పెళ్లిరాట నాటుట ఉత్సవము. పూజ అందుకొనునది ఇంకను కూర్చుండని పెండ్లికొడుకు కాదు, ఇంకను పరవని వితానము కాదు. కప్పును మోయబోవు కర్ర.

హైదరాబాదుననే ఖైరతాబాదు గణపతికి ఈ సంప్రదాయపు మరొక రూపము కలదు. 1954లో సింగరి శంకరయ్య ఆరంభించిన ఆ ఉత్సవమున ఏటా జ్యేష్ఠశుద్ధ ఏకాదశి, అనగా నిర్జలైకాదశినాడు, కర్రపూజ జరుగును. ఆ తరువాతనే పని మొదలగును. మూర్తి కంటె ముందు పరంజాయు, దాని కప్పును లేచును. మూర్తి ఆ నీడలో పెరుగును. పని ముగిసిన పిదప కప్పు తొలగి మూర్తి లోకమునకు దర్శనమిచ్చును. 2022లో అచ్చట తొలిసారిగా 50 అడుగుల మూర్తిని మట్టితో చేసిరి. అంతటి మట్టిరూపము వానకాలమున నిలుచుట కప్పు లేనిదే సాధ్యము కాదు.

ఖైరతాబాదు కర్రపూజ ప్రతి సంవత్సరము పత్రికలకెక్కును. ధూల్‌పేట్ వీధిప్రక్క బొంగు ఎక్కదు. రెండును చేయు పని ఒక్కటే.

6. ఇప్పటి ప్రశ్న

ఈ చర్చ కేవలము పదవిలాసము కాదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2010లో మూర్తుల నిమజ్జనమునకు మార్గదర్శకములను వెలువరించి, 2020లో వానిని సవరించి, ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌ను విడువవలెనని చెప్పినది. 2021లో తెలంగాణ ఉన్నత న్యాయస్థానము హుస్సేన్‌సాగరమున ప్లాస్టర్ మూర్తుల నిమజ్జనమును నిషేధించినది. ఆ సంవత్సరమునకు మాత్రము సర్వోన్నత న్యాయస్థానము వెసులుబాటు ఇచ్చినది. చెరువుల మేలు కోరువారందరు మట్టిమూర్తిని కోరుట న్యాయమే. కాని మట్టికి మారుమనుట శిల్పకారునికి ముడిసరుకును మార్చుమని చెప్పుట మాత్రమే కాదు, కప్పును మార్చుమని చెప్పుట. ప్లాస్టర్ త్వరగా గట్టిపడును; మట్టి దినములతరబడి, మూర్తి పెద్దదైనచో వారములతరబడి ఆరవలెను. ఆ కాలమంతయు వాన పడని, ఎండ తగులని, గాలి ఆడు చోటు కావలెను. వీధిప్రక్క బొంగులపై కట్టిన టార్పాలిన్ అంత బాధ్యతను మోయజాలదు. మట్టి మూర్తిని కోరువారు మంచి కప్పును కూడ కోరవలెను. లేనిచో ఆ కోరిక భారము సంవత్సరపు పెట్టుబడిని వానపాలు చేసుకొను శిల్పకారునిపై మాత్రమే పడును.

ఇచ్చట అమరసింహుని పదము మరల స్మరింపదగినది. మండపము జనాశ్రయము. నేడు మండపమనగానే దేవుని పీఠము, దీపములు, చాందినీ మనకు తోచును. కోశకారునికి తోచినది జనులు తలదాచుకొను చోటు. ధూల్‌పేట్ కప్పుల క్రింద మూర్తులు మాత్రమే లేవు. వానికి కావలియుండి, పరదాలు దించి ఎత్తువారు రాత్రివేళ అచ్చటనే తలదాచుకొందురు. ఆ విధముగ చూచినచో జనాశ్రయమను పేరు విద్యుద్దీపముల మండపమున కంటె ఈ టార్పాలిన్ కప్పునకే ఎక్కువ తగును.

7. ఉపసంహారము

పై పరిశీలన వలన తేలిన అంశములు ఇవి. కప్పును చెప్పు సంస్కృతాంధ్ర పదములు వ్యుత్పత్తిలో రక్షనే చెప్పుచున్నవి. వాడుకలో మర్యాద వానిపై పెరిగినది. అమరావతి ఛత్రము మొదలు చాందినీ వరకు చరిత్ర మర్యాదను భద్రపరచినది; రక్షను మరచినది. రాట, కర్రపూజ అను ఆచారములు మాత్రము రెండింటిని కలిపి ఉంచినవి.

కోశములు కూడ ఇదే దారిన నడచినవి. వితానము, చందువ, మేలుకట్టు మన నిఘంటువులకెక్కినవి. కప్పు కట్టువారి మాటలు, అనగా వాలునకు, గుంటకు, బిగింపునకు, ముడులకు, దించు పరదాకు పనివారు వాడు పేర్లు, ఆ పనివారి నోటనే మిగులుచున్నవి. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున వ్యవసాయ పదములతో వెలువడిన మాండలిక వృత్తిపదకోశము మనకు మార్గము చూపినది. నాగలికిని ఎద్దునకును జరిగిన ఆ ఉపకారము పందిరికిని డేరాకును మూర్తిశాలకును జరుగవలెను. ధూల్‌పేట్ మాటలలో తెలుగు, హిందూస్థానీ, ఆంగ్లము కలగలసి యుండుట వలన వానిని శుద్ధములు కావని త్రోసివేయరాదు. షామియానాను గ్రహించిన భాష తిర్పాల్‌ను గ్రహింపలేకపోదు.

ప్రాచ్య కళాశాలల అధ్యాపకులు తమ విద్యార్థులను ఒక శ్రావణమాసమున ఆ వీధులకు కొనిపోయి, అమరకోశపు మూడు వర్గములను ఒక చేతను, వ్రాతపుస్తకమును మరొక చేతను పట్టించి, ఆ కప్పుల క్రింద నిలిపినచో, వితానశబ్దము వారికి ఎన్నడును మరపునకు రాదు. పైన వాన చప్పుడు వినబడుచుండగా ఛదధాత్వర్థమును వేరుగా బోధింపవలసిన పని ఉండదు.